పట్టా ఒకరిది, పంట ఒకరిది: రైతు సాయంపై పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

గత సంచికలో తెలంగాణ ప్రభుత్వం ఎకరాల లెక్కన ఇచ్చే రైతు భరోసా సాయం గురించి రాసిన తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నాయి. సేద్యం చేసేవారు ఒకరైతే, సాయం అందుకునేవారు మరొకరు. ఊళ్లో భూమి ఉండి హైదరాబాదులో స్థిరపడినవారూ రాశారు, ఆ భూములనే దున్నుతున్నవారి పిల్లలూ రాశారు. వాటిలో ఐదింటికి ఈసారి సమాధానం ఇస్తున్నాను. ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లను తొలగించాను.

ప్రశ్న: వికారాబాద్ జిల్లా పరిగి దగ్గర మాకు నాలుగున్నర ఎకరాల పట్టా భూమి ఉంది. నేను ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటున్నాను. భూమిని ఊళ్లోని ఒక కుటుంబానికి ఎకరాకు ఏటా రూ.12,000 చొప్పున కౌలుకు ఇచ్చాను. రైతు భరోసా నా ఖాతాలోనే పడుతోంది. ఈ ఏడాది కౌలు తగ్గించమని, లేదంటే ఏదైనా కాగితం రాసి ఇవ్వమని వాళ్లు అడుగుతున్నారు. కాగితం రాస్తే భూమి చేజారుతుందని మా బంధువులు భయపెడుతున్నారు. నేను తీసుకుంటున్న డబ్బు తప్పా?
— కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

సమాధానం: నిబంధనల ప్రకారం తప్పు లేదు. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతు బంధు మొదలైననాటి నుంచీ సాయానికి ఆధారం పట్టాదారు పాసుపుస్తకమే. ఎకరాకు పంటకు రూ.4,000తో మొదలై మరుసటి ఏడాది రూ.5,000 అయింది. 2025 జనవరి 26న రైతు భరోసాగా మారి రూ.6,000కు, అంటే ఏటా రూ.12,000కు చేరింది. మొత్తం పెరిగింది, పేరు మారింది, కానీ పైకం వెళ్లే ఖాతా మాత్రం మారలేదు. 2023 ఎన్నికల హామీల్లో కౌలు రైతులకు కూడా ఇస్తామన్న మాట ఉన్నా, అమలుకు వచ్చేసరికి అది పాసుపుస్తకం దగ్గరే ఆగిపోయింది.

అయితే మీరు అడిగింది నిబంధన గురించి మాత్రమే అయి ఉంటే ఇంత వివరంగా రాసేవారు కారు. అందుకే మీ లెక్కనే ఒకసారి మీ ముందు పెడతాను. నాలుగున్నర ఎకరాలకు కౌలు రూ.54,000. రెండు పంటలకూ భరోసా పడిన సంవత్సరంలో ఆ సాయం కూడా సరిగ్గా రూ.54,000. అంటే భూమి వల్ల మీకు లక్షా ఎనిమిది వేలు వస్తున్నాయి. విత్తనం కొన్నది, దుక్కి దున్నించినది, కలుపు కూలీ ఇచ్చినది, వాన తప్పితే నష్టపోయేది మాత్రం ఆ కుటుంబం. ఈ పథకాన్ని ప్రభుత్వం మొదటి నుంచీ ‘పెట్టుబడి సాయం’ అనే పిలుస్తోంది. మీ చెలకలో పెట్టుబడి ఎవరు పెడుతున్నారో మీకు తెలుసు. నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతున్నాను: ఆ డబ్బు న్యాయంగా వాళ్లది. మొత్తం ఇవ్వడానికి మనసొప్పకపోతే, భరోసా పడిన మేరకు సగమైనా కౌలులో తగ్గించండి. లేదా వానాకాలం విడత పడిన రోజే దాన్ని విత్తనాలకు, ఎరువులకు వాళ్ల చేతిలో పెట్టి, పంట వచ్చాక కౌలు తీసుకోండి. చాలా ఊళ్లలో కౌలు ముందే కట్టాలి కాబట్టి, విత్తే నాటికే కౌలు రైతు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఉంటాడన్నది మీరు ఊళ్లో పెరిగినవారు కనుక నేను చెప్పనక్కరలేదు.

మీ బంధువుల భయం కూడా గాలిలోంచి పుట్టినది కాదు. 1950 నాటి తెలంగాణ ప్రాంత కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం కింద రక్షిత కౌలుదార్లకు హక్కులు వచ్చాయి. అందులోని 38-ఇ సెక్షన్ కింద తర్వాతి కాలంలో యాజమాన్య పత్రాలు కూడా ఇచ్చారు. ఆ జ్ఞాపకం మూడు తరాలుగా కాగితం అనగానే చెయ్యి వెనక్కి లాగేలా చేస్తోంది. ఈ భయాన్ని తొలగించడానికే ఉమ్మడి రాష్ట్రంలో 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చారు. దాని కింద ఇచ్చే రుణ అర్హత కార్డు ఏడాది పాటు మాత్రమే చెల్లుతుంది. భూమిపై ఎలాంటి హక్కునూ అది కల్పించదని, యజమానికి వ్యతిరేకంగా సాక్ష్యంగా పనికిరాదని ఆ చట్టమే చెబుతోంది. తెలంగాణలో ఆ కార్డుల జారీ దాదాపు ఆగిపోవడం, నా దృష్టిలో, కౌలు రైతుకు ఎంత నష్టమో మీలాంటి భూయజమానికీ అంతే నష్టం, ఎందుకంటే ఇద్దరికీ నమ్మకం కలిగించగల పత్రం అదొక్కటే.

ప్రస్తుతానికి మీరు చేయగలిగినది చిన్న పని. కౌలు ఒప్పందం మాట పక్కన పెట్టి, ఈ పంటకాలానికి ఫలానా సర్వే నంబరులో ఫలానావారు పంట వేశారని, వారి పేరుతో పంట నమోదుకూ అమ్మకానికీ మీకు అభ్యంతరం లేదని మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారి పేరున అంగీకార పత్రం రాసి ఇవ్వండి. రాసేముందు ఊరి న్యాయవాదికి చూపించండి. దీని వల్ల ఆ కుటుంబానికి ఎంత మేలో వచ్చే ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: నేను దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాను. మాది కుల్కచర్ల మండలం. మా నాన్న 2016లో చనిపోయారు. ఆయన పేరు మీద ఇరవై గుంటలు ఉంది, పట్టా ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. అమ్మ దానితోపాటు మూడు ఎకరాలు కౌలుకు తీసుకుని బోరు కింద వరి వేస్తోంది. మాకు ఇప్పటివరకు ప్రభుత్వ సాయం ఒక్క రూపాయి రాలేదు. అరెకరానికి ఆఫీసుల చుట్టూ తిరగడం దండగ అని అమ్మ అంటుంది. నిజమేనా?
— ఒక విద్యార్థిని

సమాధానం: అమ్మా, మీ అమ్మగారు తిరిగి తిరిగి విసిగిపోయి ఆ మాట అని ఉంటారు. కానీ ఈ ఒక్క విషయంలో ఆమె మాట వినవద్దు. ఆ ఇరవై గుంటలు మీ ఇంటికి మూడు తలుపులు తెరుస్తాయి.

మొదటిది రైతు భరోసా. అరెకరానికి పంటకు రూ.3,000 వస్తుంది. చిన్న మొత్తమే, కానీ అరెకరం నాటు కూలీకి అక్కరకొస్తుంది. రెండోది పీఎం కిసాన్, ఏటా మూడు విడతల్లో రూ.6,000. ఈ పథకానికి 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరున ఉండాలన్న షరతు ఉన్నా, యజమాని మరణం వల్ల వారసత్వంగా వచ్చిన భూమికి మినహాయింపు ఉంది, కాబట్టి తేదీ దాటిపోయిందని ఎవరైనా తిప్పి పంపితే ఆ మినహాయింపును గుర్తు చేయండి. మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామందికి తెలియనిది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న రైతు బీమాలో పరిహారం భూమి విస్తీర్ణాన్ని బట్టి మారదు. పది ఎకరాల పట్టాదారు మరణించినా, అరెకరం పట్టాదారు మరణించినా, మరణ కారణం ఏదైనా, నామినీకి వచ్చేది రూ.5 లక్షలే. ప్రీమియం మొత్తం ప్రభుత్వమే జీవిత బీమా సంస్థకు కడుతుంది. మీ అమ్మగారి వయసు ఆధార్ ప్రకారం 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉంటే చాలు. వేరే రక్షణ ఏదీ లేని ఇంటికి ఆ బీమా ఎంత పెద్ద అండో నేను వేరే చెప్పనక్కరలేదు.

వీటన్నిటికీ ముందు విరాసత్, అంటే భూమిని వారసుల పేరుకు మార్చడం, జరగాలి. నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల వివరాలు, మీ అందరి అంగీకారంతో అమ్మ పేరుకు మార్చమనే వాంగ్మూలం తీసుకుని మీసేవలో భూభారతి ద్వారా దరఖాస్తు చేసి స్లాట్ బుక్ చేసుకోండి. 2025 ఏప్రిల్ నుంచి భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతి పనిచేస్తోంది. కొత్త పాసుపుస్తకం రాగానే ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలతో రైతు వేదికలో విస్తరణ అధికారిని కలిసి బీమా ఫారం నింపండి. బీమా సంవత్సరం ఏటా ఆగస్టు 14న మొదలవుతుంది కాబట్టి ఆ తేదీలోగా పేరు ఎక్కాలి. నామినీగా నీ పేరు రాయించడం మరచిపోవద్దు.

ఇక కౌలుకు చేస్తున్న మూడు ఎకరాల సంగతి. ఇక్కడ నేను నీకు అంత ధైర్యంగా చెప్పలేకపోతున్నాను. ఆ మూడు ఎకరాల మీద భరోసా మీకు రాదు. కానీ పంట అమ్మేచోట పోగొట్టుకుంటున్నది ఆపుకోవచ్చు. సన్న వడ్లకు మద్దతు ధరపై క్వింటాలుకు రూ.500 బోనస్ ఉంది. ఎకరాకు ఇరవై క్వింటాళ్లు అనుకున్నా, మూడు ఎకరాలకు బోనస్ ఒక్కటే రూ.30,000 అవుతుంది. పంట నమోదు భూయజమాని పేరున జరిగితే కొనుగోలు కేంద్రం నుంచి వచ్చే డబ్బు, బోనస్‌తో సహా, ఆయన ఖాతాకే వెళ్తుంది. తిరిగి ఎప్పుడు, ఎంత ఇస్తారన్నది ఆయన దయ. అది వద్దనుకునే చాలామంది కౌలు రైతులు కల్లం దగ్గరే వ్యాపారికి తక్కువకు కాంటా పెట్టించేస్తున్నారు. అందుకే నాట్లు పడిన వారం రోజుల్లోనే యజమాని అంగీకార పత్రంతో విస్తరణ అధికారి దగ్గర అమ్మ పేరున పంట నమోదు చేయించండి. వడ్లు కేంద్రానికి చేరాక అడిగితే ఆలస్యమైపోతుంది.

రుణానికి కూడా దారి పూర్తిగా మూసుకుపోలేదు. మౌఖిక కౌలుదారులకూ పాలుకు చేసేవారికీ కిసాన్ క్రెడిట్ కార్డు ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు స్పష్టంగానే చెబుతున్నాయి. ఒంటరిగా వెళ్తే బ్యాంకులో పాసుపుస్తకం అడుగుతారు. అందుకే నలుగురి నుంచి పది మంది వరకు కౌలు రైతులు ఉమ్మడి బాధ్యత బృందంగా ఏర్పడి వెళ్లడం మేలు. మీ ఊళ్లో పొదుపు సంఘం ఉంటే అందులోని మహిళలతోనే మొదలుపెట్టవచ్చు.

నీ ఉత్తరం చదువుతున్నప్పుడు 2025 ఆగస్టులో మా ఊరి సొసైటీ ముందు చూసిన వరుస కళ్ల ముందు మెదిలింది. యూరియా లోడు వస్తుందన్న కబురుతో తెల్లవారుజామున నాలుగు గంటలకే చెప్పులు వరుసలో పెట్టారు, చెప్పులు లేనిచోట పాసుపుస్తకం జిరాక్సు మీద రాయి పెట్టారు. వరుసలో ఒక నడివయసు ఆమె ఉంది. ఆమె చేతిలోని జిరాక్సు పాలిథిన్ కవరులో మూడు మడతలు పడి, ఫొటో ఉన్న చోట తడికి అలుక్కుపోయింది. ఆ ఫొటో ఆమెది కాదు, భూయజమానిది. వేలిముద్ర మాత్రం ఆమెది. రెండు బస్తాలు దొరకడానికి ఆమె ముందురోజు యజమాని ఇంటికి వెళ్లి ఆ జిరాక్సు అడిగి తెచ్చుకోవలసి వచ్చింది. ఎరువుల రాయితీకి కౌలు, పట్టా తేడా లేదు, ఎవరు కొన్నా ధర ఒకటే. అయినా కరువు వచ్చిన రోజున పాసుపుస్తకమే వరుసలో చోటు నిర్ణయించింది. మీ అమ్మగారి పేరున అరెకరం పాసుపుస్తకం ఉంటే, కనీసం ఆ జిరాక్సు కోసం ఇంకొకరి గడప ఎక్కనక్కరలేదు.

ప్రశ్న: నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఆదాయపు పన్ను కడతాను. మెదక్ జిల్లాలో ఉన్న మా నాన్నగారికి మూడు ఎకరాలు ఉంది. కొడుకు పన్ను కడితే పీఎం కిసాన్ రాదని ఊళ్లో చెప్పడంతో ఆయన దరఖాస్తే చేయలేదు.
— ఒక పాఠకుడు

సమాధానం: ఊళ్లో చెప్పినది పొరపాటు. ఈ పథకంలో కుటుంబం అంటే భర్త, భార్య, మైనారిటీ తీరని పిల్లలు మాత్రమే. పెళ్లయినా కాకపోయినా మేజరైన మీరు అందులోకి రారు, మీ పన్ను మీ నాన్నగారి అర్హతకు అడ్డు కాదు. ఆయన గానీ అమ్మగారు గానీ గత మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టి ఉన్నా, నాలుగో తరగతి మినహా ప్రభుత్వ ఉద్యోగం చేసి ఉన్నా, నెలకు రూ.10,000 లేదా అంతకుమించి పింఛను తీసుకుంటున్నా రాదు. ఇవేవీ లేకపోతే ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు ఖాతాతో దరఖాస్తు చేసి, ఈ-కేవైసీ పూర్తి చేయించండి. భూమి మీ పేరుకు మార్చే ఆలోచన ఉంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, అప్పుడు మీ పన్నే అడ్డవుతుంది.

ప్రశ్న: రైతులకు ఇన్ని వేల కోట్లు ఇస్తున్నామని ప్రభుత్వాలు చెబుతుంటాయి. రైతుల కష్టాలు మాత్రం తీరడం లేదు. ఆ డబ్బంతా ఎవరికి చేరుతోంది?
— తార్నాక నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

సమాధానం: మాస్టారూ, ఈ ప్రశ్నకు సమాధానం రాయితీ దేనిని పట్టుకుని ప్రవహిస్తుందన్న దానిలో ఉంది. భరోసా ఎకరాన్ని పట్టుకుని వెళ్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. ఆ రైతుకు ఏటా రూ.30,000 వస్తే, 1973 భూ గరిష్ఠ పరిమితి చట్టం మెట్టలో ఒక కుటుంబానికి అనుమతించే 54 ఎకరాలున్న ఇంటికి అదే లెక్కన రూ.6,48,000 అవుతుంది. విస్తీర్ణానికి పై పరిమితి పెట్టాలన్న వాదన 2018 నుంచీ ఉంది. పది ఎకరాల దగ్గర గీత గీసినా చిన్న రైతుల్లో ఒక్కరూ నష్టపోరు కనుక ఆ వాదనే సరైనదని నేను నమ్ముతాను.

కంటికి కనబడని రాయితీలు నీటిని పట్టుకుని వెళ్తాయి. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఉంది. కానీ అది మోటారు ఉన్నవారికే అందుతుంది. తాండూరు నల్లరేగడిలో వానను నమ్ముకుని కంది వేసే రైతుకు బోరు లేదు, మోటారు లేదు, కాబట్టి ఆ పద్దు కింద ఆయనకు వచ్చేది సున్నా. 45 కిలోల యూరియా బస్తా మీకూ నాకూ రూ.266.50కే దొరుకుతుంది, అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు, ఆ తేడాను కేంద్రం కంపెనీలకు చెల్లిస్తుంది. ఎక్కువ బస్తాలు చల్లేది నీటి వసతి ఉన్న వరి పొలంలో. గాలిలోని నత్రజనిని తానే పట్టుకునే కందికి యూరియా అవసరమే తక్కువ. మద్దతు ధరలోనూ ఇంతే. 2025-26లో క్వింటాలుకు ఏ గ్రేడు వడ్లకు రూ.2,389, కందికి రూ.8,000 ప్రకటించారు. వడ్లకైతే ఊరూరా కొనుగోలు కేంద్రం ఉంటుంది. కందులకు అలా ఉండదు, కొనుగోలు పరిమితంగా జరిగిన ఏడాది రైతు మార్కెట్లో వచ్చినదానికే అమ్ముకుంటాడు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిని పండించే రైతు, నేలకు మేలు చేస్తూ, నీళ్లు అడగకుండా, అందరికంటే తక్కువ రాయితీ తీసుకుంటున్నాడు. ఈ అన్యాయం గురించి ఎక్కడా పెద్దగా మాట్లాడుకోకపోవడం నన్ను చాలా కాలంగా బాధిస్తోంది.

రుణమాఫీ బ్యాంకు ఖాతాను పట్టుకుని వెళ్తుంది. 2024 జులై, ఆగస్టు నెలల్లో మూడు విడతలుగా రూ.2 లక్షల వరకు మాఫీ చేశారు. 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 మధ్య తీసుకున్న పంట రుణాలకు అది వర్తించింది. వడ్డీ వ్యాపారి దగ్గర, విత్తనాల దుకాణంలో తెచ్చుకున్న అప్పు పంట అప్పే అయినా ఆ జాబితాలోకి రాదు, కౌలు రైతు అప్పు ఎక్కువగా అక్కడే ఉంటుంది. 2007 జాతీయ రైతు విధానం రైతు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కౌలుదారులు, పాలుదారులు, వ్యవసాయ కూలీలు కూడా ఉన్నారు. పథకాలు రాసేటప్పుడు ఆ నిర్వచనాన్ని తీసి చూసి ఉంటే, కోట్లు ఇంతే ఖర్చయినా కష్టం కొంత తగ్గేది.

ప్రశ్న: మా ఊరు 2024లో మున్సిపాలిటీలో కలిసింది. మాకు భూమి లేదు, కూలికి పోతాం. ఆత్మీయ భరోసా రాదని చెప్పారు. మా పక్కనే ప్లాట్లు చేసి అమ్మిన భూమికి మాత్రం రైతు బంధు చాలా ఏళ్లు వచ్చింది.
— ఔటర్ రింగు రోడ్డు లోపలి ఊరి నుంచి ఒక కూలీ, కొడుకుతో రాయించినది

సమాధానం: అన్నా, భూమి లేని కూలీ కుటుంబాలకు ఏటా రూ.12,000 ఇచ్చేందుకు 2025 జనవరి 26న ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలైంది. 2023-24లో ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉండాలన్నది షరతు. ఆ ఏడాది మీ ఊరు ఇంకా పంచాయతీయే, కనుక మీ జాబ్ కార్డులో ఇరవై రోజులు నమోదై ఉంటే మీరు పని షరతు నెరవేర్చినట్టే. ఊరు పేరు మారిందని మాత్రమే కాదన్నారా, పని దినాలు తగ్గాయని కాదన్నారా అన్నది ముందు రాతపూర్వకంగా తెలుసుకోండి. జాబ్ కార్డు నకలు, హాజరు వివరాలు జతచేసి కలెక్టరేటులో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. మీలాంటి ఇళ్లు ఊళ్లో ఎన్ని ఉంటే అన్నీ కలిసి ఒకే రోజు ఇవ్వండి.

ప్లాట్ల సంగతి మీరు చూసినదే చూసినట్టు రాశారు. రికార్డులో వ్యవసాయ భూమిగా ఉన్నంతకాలం, అక్కడ హద్దురాళ్లు పాతి ఉన్నా సాయం పడుతూనే ఉండేది. రైతు భరోసా నిబంధనల్లో లేఅవుట్లు, రోడ్లు, గనులు, పరిశ్రమలు, గుట్టలు ఉన్న భూములను తొలగించారు, సాగుకు యోగ్యమైన భూమికే ఇవ్వాలన్నారు. అలాంటి భూమికి ఇప్పటికీ సాయం పడుతోందని మీకు తెలిస్తే, సర్వే నంబరుతో అదే ప్రజావాణిలో వేరే కాగితం మీద రాసి ఇవ్వండి. మీ అర్జీతో మాత్రం దాన్ని కలపవద్దు, ఒకే కాగితంలో రెండు విషయాలుంటే మీ డబ్బు సంగతి వెనక్కి పోతుంది.